పారబోసే మొదటి టీ

భవిత తెచ్చిపెట్టిన కప్పును ఆ పెద్దాయన కడగడం మొదలుపెట్టాడు.

కిటికీ పక్క బల్ల ఆయనది. కెనడాలో, స్కార్‌బరోలోని ఆ చైనీస్ మాల్ తలుపులు తెరవగానే అందులోని రెస్టారెంటుకు వచ్చి, ఉన్ని టోపీ తీసి ఎదుటి కుర్చీలో పెట్టి, పత్రిక మడత విప్పి అక్కడే కూర్చుంటాడని హాలు చూసుకునే మిసెస్ లౌ, కొత్తగా వడ్డన పనిలో చేరిన భవితకు ముందే చెప్పింది. పేరు మిస్టర్ ఫాంగ్. ఆయన ముందు పిడి లేని చిన్న కప్పు, గిన్నె, చెంచా, చాప్‌స్టిక్స్ సర్ది, వేడి టీ కూజా దించి భవిత వెనక్కి జరిగింది. ఆయన కూజా ఎత్తి టీని కప్పులో కాక గిన్నెలో పోశాడు. కప్పును ఆ టీలోకి పక్కకు వాల్చి, దాని అంచును వేళ్ళతో ఒక చుట్టు తిప్పాడు. చెంచా ముంచాడు. చాప్‌స్టిక్స్ కొసలు ముంచాడు. గడియారాలు బాగుచేసేవాడి శ్రద్ధతో అంతా ముగించి, ఆ టీని బల్ల మధ్యనున్న గాజు గిన్నెలో పారబోసి, అప్పుడు కప్పు నింపుకున్నాడు.

ఆ కప్పును కాసేపటి క్రితమే ఆమె పొడిగుడ్డతో తుడిచింది. వెలుతురుకు ఎత్తి చూసింది కూడా. దాని మీద మరక లేదు. మరక లేని కప్పును కడగవలసి వచ్చిందంటే, కడిగింది కప్పుకు అంటినదాన్ని కాదు, దాన్ని పట్టుకున్న చేతిని. ఈ తర్కం ఆమె కూర్చుని కట్టినది కాదు. ముఖం వేడెక్కడం, ఈ నిర్ణయం రెండూ ఒకేసారి జరిగిపోయాయి.

ఊరి బస్సు దిగే చోట ఉన్న టీ కొట్టును నాన్న ఒకసారి వేలితో చూపించాడు. తాత గ్లాసును ఆ కొట్టు చూరులో దోపి ఉంచేవారట. దించుకుని, తాగి, తనే కడిగి, తిరిగి అక్కడే దోపాలి. నాన్న అంతకు మించి చెప్పలేదు, ఆమె అడగలేదు. అప్పటికే అక్కడ కాగితం కప్పులు వచ్చేశాయి.

"గాజు గిన్నె తియ్యి. నిండింది," అంది మిసెస్ లౌ వెనుక నుంచి. అరవై దాటిన సన్నని మనిషి, చెవి మీద పెన్సిలు. ఆమె ఇంగ్లీషులో చిన్న చిన్న మాటలే ఉంటాయి, అవి కూడా వంటింటి పొగలోంచి వచ్చినట్టు బొంగురుగా వస్తాయి. భవిత గిన్నె తీసింది. మరోసారి టీ పోస్తుండగా మిస్టర్ ఫాంగ్ పత్రికలోంచి తల ఎత్తకుండానే రెండు వేళ్ళతో బల్ల మీద టక టక కొట్టాడు. తొందరపెడుతున్నాడనుకుని ఆమె కూజాను ఇంకా వంచింది. టీ పొంగి పళ్ళెంలోకి, అక్కడి నుంచి పత్రిక అంచుకు పాకింది.

"సారీ సర్, సారీ."

ఆయన తడిసిన పేజీని ఎత్తి పట్టుకుని, అందులో ఉన్న ఎవరిదో ఫోటోను ఆమెకు చూపించి ఏదో అన్నాడు. మిసెస్ లౌ ఫక్కున నవ్వింది. "పర్లేదట. ఈయన మంత్రి. ఈయనకి స్నానం అవసరమే అంటున్నాడు."

భవిత నవ్వలేదు.

*

ఫించ్ అవెన్యూ బస్సు దిగి, మంచు కరిగి బురదైన పేవ్‌మెంట్ మీద జాగ్రత్తగా నడిచి, ఇంటి వెనుక మెట్లు దిగేసరికి బేస్‌మెంట్‌లో పోపు వాసన. ఆ సెప్టెంబరులో విమానం దిగిన వేలమంది పిల్లల్లాగే ఆమె కూడా ముందు ఎవరి హాల్లోనో, సూట్‌కేసుల మధ్య పరుపు వేసుకుని పడుకుంది. ఈ చోటు దొరకడం అదృష్టమని అందరూ అన్నారు. అద్దె ఒప్పందం తేజశ్రీ పేరు మీద ఉంది. తెనాలి అమ్మాయి, చదువు ముగించి బ్యాంకు కాల్ సెంటర్‌లో చేరింది, వయసులో నాలుగైదేళ్ళు పెద్ద. ఓనరుతో మాట్లాడేది ఆమే, ఎవరుండాలో ఎవరు వెళ్ళాలో చెప్పేదీ ఆమే. భవితను బ్యాంకుకు తీసుకెళ్ళి అకౌంట్ తెరిపించింది; ఫోన్ ప్లాన్ మాట్లాడిపెట్టింది; జ్వరం వస్తే చారు కాచి ఇచ్చింది. అందువల్ల ఆమెను చెడ్డ మనిషి అనుకోవడానికి భవిత దగ్గర ఆధారం లేదు.

"భవీ, వచ్చావా? కళ్ళు మూస్కో."

"ఎందుకక్కా?"

"మూస్కోమంటే మూస్కోవే."

తెరిచేసరికి వంటింటి గట్టు మీద గులాబీ రంగు సామాను ఉంది: కంచం, గ్లాసు, గిన్నె, చిన్న పెనం. అన్నీ ఒకే రంగు. డాలర్ షాపు స్టిక్కర్లు గోటితో గీకి తీసిన గుర్తులున్నాయి.

"బర్త్‌డే నాది, గిఫ్ట్ నీకు. వచ్చే ఆదివారమేగా నా బర్త్‌డే! బాగుందా సెట్టు?"

"బాగుంది. కానీ నా స్టీల్ గ్లాసు ఉందిగా అక్కా, ర్యాక్‌లో."

"అదే చెబుదామని." తేజశ్రీ స్టవ్ మంట తగ్గించి, గరిటె పక్కన పెట్టి, ఆమె భుజం మీద చెయ్యి వేసింది. "ర్యాక్‌లోవి అందరం వాడతాం కదా. నువ్వేమో పోర్క్ రెస్టారెంట్‌లో చేస్తున్నావు. ఆ చేతుల్తోనే వచ్చి... తప్పుగా అనుకోకేం. మా ఇంట్లో అమ్మ కోడిగుడ్డు కూడా వేరే గిన్నెలోనే ఉడకబెట్టేది. చిన్నప్పటి అలవాటు, అంతే. హైజీన్."

"రాగానే స్నానం చేస్తనే ఉన్న కదక్కా."

"అబ్బ, మళ్ళీ క్యాస్టూ గీస్టూ అనుకుంటావేమో! ఛ, నాకవేం పట్టవు బాబూ. కెనడాలో ఉన్నాం మనం."

ఆ మాట భవిత అనలేదు. ఈ ఇంట్లో ఎవరూ ఇంతవరకు అనలేదు. దిగిన మొదటిరోజు తేజశ్రీ, "ఊళ్ళో మీ ఇల్లెక్కడ?" అని మాత్రం అడిగింది. "చర్చి పక్కన," అని ఆమె చెప్పింది. "ఓ, అవునా," అని తేజశ్రీ సూట్‌కేసు ఎత్తడానికి సాయం పట్టింది.

ఇప్పుడు ర్యాక్ వైపు చూస్తే స్టీల్ గ్లాసు అక్కడ లేదు. సింకు కింద, గిన్నెల సబ్బు డబ్బా పక్కన, అడుగున ఆమె పేరు చెక్కిన గ్లాసు తలకిందులుగా ఉంది.

"ఉండటం ఉండకపోవటం నీ ఇష్టం, నేనేం ఫోర్స్ చెయ్యను," అంది తేజశ్రీ, స్టవ్ వైపు తిరిగి. గొంతులో కోపం లేదు. "బయట బెడ్‌స్పేస్ కోసం ఎంతమంది అడుగుతున్నారో నీకు తెలుసుగా."

భవితకు తెలుసు. గులాబీ గ్లాసులో నీళ్ళు పట్టుకుంది. పెదవుల దాకా తెచ్చి, గదిలోకి తీసుకెళ్ళి, కిటికీ గట్టు మీద పెట్టింది.

*

రసాయనశాస్త్రం చదివిన పిల్ల. ఒక్క పరీక్షతో తేల్చకూడదని, పోల్చడానికి పక్కన మరొకటి ఉండాలని ప్రయోగశాలలో నేర్చుకున్నది. ఆదివారం పొద్దున రెస్టారెంట్ నిండుతుంటే ఆ పాఠం గుర్తొచ్చింది. తను సర్దిన బల్లలను కాదు, మిసెస్ లౌ సర్దిన బల్లలను గమనించడం మొదలుపెట్టింది.

గోడవైపు పెద్ద గుండ్రబల్ల మిసెస్ లౌ సర్దింది. మూడు తరాల కుటుంబం వచ్చి కూర్చుంది. కోట్లు విప్పుకోకముందే, కాలేజీ పిల్లలా ఉన్న అమ్మాయి కూజా అందుకుని, అందరి కప్పులూ తన ముందుకు లాక్కుని కడగసాగింది. తలుపు దగ్గరి బల్ల లీ అనే కుర్రవాడు సర్దాడు, అక్కడా కడిగారు. రియల్ ఎస్టేట్ ఏజెంటు ఖరీదైన కోటుతో వచ్చి కడిగాడు. చివరకు రెస్టారెంటు యజమానే తన తమ్ముడితో వచ్చి కూర్చుని, తన సొంత వంటింట్లో, తన సొంత మెషీన్‌లో ఉడుకునీళ్ళతో కడిగిన కప్పును మళ్ళీ టీతో కడిగాడు.

ఆవిరి మీద ఉడికిన డిమ్ సమ్ ముద్దలున్న వెదురు బుట్టల బండి తోస్తూ భవిత మధ్యలో ఆగిపోయింది. బుట్టల సందుల్లోంచి ఆవిరి ఆమె కళ్ళద్దాలను కమ్మేసింది. తుడుచుకుని మళ్ళీ చూసింది. అందరూ కడుగుతున్నారు. ఎవరు పెట్టినా కడుగుతున్నారు.

రద్దీ తగ్గాక, మిసెస్ లౌ మూత లేని గ్లాసులో వేడినీళ్ళు నింపుకుంటున్నప్పుడు భవిత అడిగింది: "కప్పులు మురికిగా ఉంటాయా?"

"ఎవరన్నారు? మెషీన్ చాలా వేడి. చెయ్యి కాలుతుంది."

"మరి ఎందుకు కడుగుతారు?"

మిసెస్ లౌ ఆలోచించింది. ఎవరూ ఆమెను ఈ ప్రశ్న అడిగినట్టు లేదు. "మా అమ్మ కడిగేది. అప్పుడు ఊళ్ళో కప్పులు నిజంగా మురికి. ఇప్పుడు కారణం లేదు. టీ నానాలి కదా, అందాకా చేతులకి ఏదో పని." తన మాట తనకే నవ్వు తెప్పించింది. "తెలివి తక్కువ పని. మంచి టీ పారబోస్తాం."

"అందరివీ ఆ అమ్మాయే కడిగింది, గుండ్రబల్ల దగ్గర."

"బల్ల దగ్గర అందరికంటే చిన్నవాళ్ళు కడగాలి. చిన్నవాళ్ళు కడిగితే పెద్దవాళ్ళు తాగుతారు. నా కూతురు కడగదు. ఫోన్ చూస్తుంది. నేనే కడుగుతా." పెన్సిలు తీసి గాలిలో కూతుర్ని కొట్టినట్టు ఆడించింది. "నిన్న నువ్వు పేపరు తడిపావు. ఎందుకంత తొందర?"

"ఆయన బల్ల కొట్టారు."

మిసెస్ లౌ నోట్లోని వేడినీళ్ళు బయటికి రాకుండా చెయ్యి అడ్డం పెట్టుకోవలసి వచ్చింది. "అది థాంక్యూ! నోరు ఖాళీ లేకపోతే వేలు చెబుతుంది."

ఆ రోజు నుంచి భవితకు ఆ హాలు మరో రకంగా కనిపించసాగింది. మనుషులు మంచివాళ్ళని ఆమె నమ్మింది కాబట్టి కాదు, చూసింది కాబట్టి. మాల్ దుకాణాల షట్టర్లు ఎత్తకముందే ముసలివాళ్ళు నడవాలో వరుసలు కట్టి, ఒక చిన్న స్పీకరు పాటకు చేతులు తిప్పుతారు. సెక్యూరిటీ గార్డు వాళ్ళ చుట్టూ తిరిగి వెళతాడు గానీ మధ్యలోంచి నడవడు. ఒక్క కూజా టీతో మిస్టర్ ఫాంగ్ మధ్యాహ్నం దాకా కూర్చున్నా ఎవరూ లెమ్మనరు. ఆయన కూజా మూత ఓరగా పెడితే చాలు, నీళ్ళు వస్తాయి. చేప వస్తే చెంప దగ్గరి మెత్తని కండను ఎవరు ముందు మరొకరి గిన్నెలో వేస్తారా అని పోటీ. వేసేది తమ నోట్లో పెట్టుకున్న చాప్‌స్టిక్స్‌తోనే. అది మొదటిసారి చూసినప్పుడు 'ఎంగిలి' అన్న మాట ఆమె మనసులోకి వచ్చింది. ఆ మాటను వాళ్ళ భాషలో ఏమంటారని మిసెస్ లౌను అడిగింది. ఎంత వివరించినా ఆమెకు అర్థం కాలేదు. "జబ్బు ఉంటేనా?" అంది. "జబ్బు లేకపోయినా," అంది భవిత. "జబ్బు లేకపోతే ఏమిటి కష్టం?" అంది మిసెస్ లౌ, నిజంగానే తెలుసుకోవాలని.

*

బుధవారం సాయంత్రం కిరీటి వచ్చాడు. తేజశ్రీ పిన్ని కొడుకు, వాటర్లూలో ఇంజనీరింగ్ చదువుతున్నాడు. సెలవు దొరికితే అక్క వంట కోసం వస్తాడు గానీ, వచ్చేటప్పుడు దారిలో ఏదో ఒకటి కొనుక్కొస్తాడు. ఈసారి కాగితం సంచీలో బర్గర్లు.

"భవిత, నీకూ తెచ్చా. బేకన్ ఉంది, ఓకేనా?"

"నేను తిన్న కిరీటీ, థాంక్స్."

అతను ర్యాక్‌లోంచి స్టీల్ కంచం తీసుకున్నాడు. తేజశ్రీ ప్రతిరోజూ తినే, అంచున పువ్వుల వరుస ఉన్న కంచం. బర్గరు విప్పి అందులో పెట్టాడు. జారిపడిన పంది బేకన్ ముక్కను వేలితో తీసి నోట్లో వేసుకుని, ఆ చేత్తోనే ఫ్రిజ్ తలుపు తెరిచి పచ్చడి సీసా అందుకున్నాడు.

"ఛీ, బర్గర్‌లో గోంగూర ఏంట్రా," అంది తేజశ్రీ, మొట్టికాయ వేసి.

"నువ్వోసారి తిని చూడు, దిమ్మ తిరుగుద్ది."

"నాకొద్దు బాబూ మీ పోర్కులు. ఆ ప్లేటు కడిగి పెట్టు, రాత్రికి నేను అందులోనే తినాలి."

అతను కడిగాడు. కుళాయి కింద రెండు క్షణాలు పట్టి, విదిలించి, ర్యాక్‌లో పెట్టాడు. తడి కంచం నుంచి నీటిబొట్లు కింది అరలోని గ్లాసుల మీద పడ్డాయి. సింకు పక్కన నిలబడిన భవిత వాటిని చూస్తూ ఉండిపోయింది. పోల్చడానికి కావలసిన రెండోది దొరికింది. ఇక్కడి నియమానికీ కారణం చెప్పారు. ఆ కారణం ఇప్పుడు ఆమె కళ్ళముందే గోంగూరతో కలిపి తినబడింది.

"నువ్వు చేసేది డిమ్ సమ్ ప్లేస్‌లోనటగా? రీల్స్‌లో చూశా, పిచ్చ క్రేజ్," అన్నాడు కిరీటి. "అక్కా, నీ బర్త్‌డేకి అక్కడికే పోదాం. భవిత ఉంటే మంచివి చెబుద్ది."

తేజశ్రీ ఒక్క క్షణం తటపటాయించింది. "చికెన్‌వి ఉంటాయా?"

"ఉంటయి," అంది భవిత. "రొయ్యలవి కూడా."

"సరే అయితే. ఫోటోలు మాత్రం బాగా రావాలి."

ఇద్దరూ కలిసి వేళ ఖాయం చేసుకుంటుంటే ఆమె గదిలోకి వెళ్ళింది. కిటికీ గట్టు మీది గులాబీ గ్లాసులో నీళ్ళు శనివారం పోసినవి పోసినట్టే ఉన్నాయి. ఆమె ఈ నాలుగు రోజులూ కాలేజీ ఫౌంటెన్ దగ్గర, రెస్టారెంటులో, దోసిట్లో తాగింది. అలా ఎంతకాలం గడపవచ్చో ఆమె లెక్క వేయలేదు. ఇల్లు కావాలంటే ఆ గ్లాసుతో తాగాలి. రెండింటిలో ఒకటి తేలాలి.

*

ఆదివారం మిసెస్ లౌ ఆమెను పదకొండింటికే వదిలేసింది. "ఏప్రన్ విప్పు. ఫ్రెండ్స్‌తో కూర్చో. ఈవేళ నువ్వు కస్టమర్‌వి." ఆ మాట ఆజ్ఞలాగే ఉంది.

మిస్టర్ ఫాంగ్ బల్లకు పక్కబల్లే దొరికింది. తేజశ్రీ మెరుపుల చున్నీతో, కిరీటి ఫోన్ సిద్ధంగా పట్టుకుని కూర్చున్నారు. మిసెస్ లౌ స్వయంగా కూజా తెచ్చి పెట్టి, కప్పులు దించి, పుట్టినరోజు ఎవరిదో కనుక్కుని, తేజశ్రీ చెంప మీద చనువుగా తట్టి వెళ్ళింది.

"అదేంటి, అందరూ కప్పులు కడుక్కుంటున్నారు?" తేజశ్రీ గొంతు తగ్గించింది. "నీట్‌గా ఉండదా ఇక్కడ?"

"నీట్‌గనే ఉంటది. వాళ్ళ అలవాటు. బల్ల కాడ చిన్నోళ్ళు అందరివీ కడగాలె."

"అయితే నేనేగా," అన్నాడు కిరీటి.

"నీ కంటే మూడు నెలలు చిన్నదాన్ని," అంది భవిత. అతని పుట్టినరోజు కేకు తెప్పించింది ఆమే కాబట్టి తెలుసు.

మూడు కప్పులనూ దగ్గరికి లాక్కుంది. గిన్నెలో టీ పోసింది. ముందు తేజశ్రీ కప్పు. పక్కకు వాల్చి, పెదవి తగిలే అంచును బొటనవేలితో, చూపుడువేలితో పట్టుకుని, మిస్టర్ ఫాంగ్‌లాగే తొందర లేకుండా ఒక చుట్టు తిప్పింది. తర్వాత కిరీటిది. చివర తనది. టీ పారబోసి, కప్పులు నింపి, ఒకదాన్ని రెండు చేతులతో తేజశ్రీ ముందు పెట్టింది.

"హ్యాపీ బర్త్‌డే అక్కా."

కిరీటి ఒక్క గుక్కలో తాగి కప్పు ముందుకు తోశాడు. బుట్టలు వచ్చాయి. రొయ్యల ముద్దలు, చికెన్, తెల్లని ఉబ్బిన బన్నులు. బన్ను తుంచితే లోపల ఎర్రని పోర్క్. "అబ్బ!" అన్నాడు కిరీటి, వేళ్ళు నాకి. అతని చాప్‌స్టిక్స్ తేజశ్రీ గిన్నెలోకి వెళ్ళి రొయ్యల ముద్దను దొంగిలించాయి. ఆమె నవ్వి, గిన్నెలో మిగతావి తినేసింది. ఫోటోలు తీసుకున్నారు. టీ కప్పును పెదవి దగ్గర పట్టుకుని ఒక ఫోటో కావాలంది. తీయించుకుని, తాగకుండా దించింది.

టీ మీద సన్నని పొర కట్టింది.

"నాకు కోక్ చెప్పవా భవీ?" అంది కాసేపటికి. "క్యాన్. స్ట్రా ఉంటే స్ట్రా."

"టీ చల్లారింది. వేరేది పోస్త."

"వద్దులే. టీ పడదు నాకు."

ప్రతి ఉదయం ఆమె రెండుసార్లు టీ పెట్టుకోవడం ఆ ఇంట్లో అందరూ చూసేదే. కిరీటి నమలడం ఆపి అక్క వైపు చూశాడు.

భవిత ఆ నిండు కప్పు పక్కన చెయ్యి ఆనించింది. "అక్కా, మళ్ళీ డాలర్ షాపుకు పోయినప్పుడు కిరీటికి కూడా ఒక సెట్టు తీస్కో. పసుపుది ఉండె, చూసిన."

"వాడికెందుకు?"

"పోర్క్ తింటడు కద."

"నాకేం సెట్టు? దేని సెట్టు?" అన్నాడు కిరీటి. అతని చూపు నిండుగా ఉన్న కప్పు మీద, దాని పక్కనున్న భవిత వేళ్ళ మీద పడి, అక్కడి నుంచి కదలలేదు. కొంత సేపటికి బన్ను కింద పెట్టేశాడు. "అక్కా... నువ్వు నిజంగా..."

"నువ్వు ఊరుకోరా." తేజశ్రీ ముఖం ఎర్రబడింది. "పుట్టినరోజు పూట ఇదేనా భవీ? నేనెంత చేశాను నీకు!"

"చాలా చేసినవక్కా. మర్చిపోను. కానీ ఆ గ్లాసుల తాగ. నా గ్లాసు ర్యాక్‌ల పెట్టుకుంట. కుదరదంటే నెలాఖరుకు వేరే చూసుకుంట."

"చూసుకో అయితే," అంది తేజశ్రీ. ఆమె కళ్ళలో నిజంగానే నీళ్ళు తిరిగాయి. తనకు అన్యాయం జరిగిందని ఆమె మనస్ఫూర్తిగా నమ్మింది. చున్నీ సర్దుకుని లేచింది. కిరీటి వెంటనే లేవలేదు. లేచే ముందు అక్క కప్పు అందుకుని, చల్లారిన టీని చివరి చుక్క దాకా తాగి, బల్ల మీద బోర్లించాడు. కోటు పట్టుకుని వెళ్ళాడు.

*

ఆమె కాసేపు అలాగే కూర్చుంది. నెలాఖరు దగ్గర్లోనే ఉంది. గాజుతలుపు అవతల మంచు పడుతోంది. మళ్ళీ ఎవరి హాల్లోనో పరుపు వెతుక్కోవాలి. ఆ ఆలోచనలో భయం ఉంది. వారం రోజులుగా ఉన్న దాహం మాత్రం లేదు.

మిసెస్ లౌ వచ్చి ఖాళీ కుర్చీలను, మిగిలిన బుట్టలను చూసింది. తలుపు దగ్గర నిలబడి ఎదురుచూస్తున్న పెద్ద కుటుంబాన్ని చూపించి, "బల్ల కావాలి," అని, పక్కబల్ల వైపు గడ్డం ఆడించింది. "అక్కడ కూర్చో. తినకుండా వెళ్ళకు."

పక్కబల్ల దగ్గర మిస్టర్ ఫాంగ్ పత్రిక వెనుక ఉన్నాడు. ఎదుటి కుర్చీలోని టోపీ తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు, అంతే. మిసెస్ లౌ కొత్త కూజా, రెండు కొత్త కప్పులు దించి పోయింది. ఆయన ఒక చేత్తో పేజీ పట్టుకుని, రెండో చెయ్యి అలవాటుగా కూజా కోసం చాపాడు.

భవిత కూజాను ముందే అందుకుంది. చాపిన చెయ్యి ఒక క్షణం గాలిలో ఆగి, పత్రిక దగ్గరికి వెనక్కి వెళ్ళిపోయింది.

ఆమె గిన్నెలో టీ పోసి, ఆయన కప్పును వాల్చి, అంచు పట్టుకుని తిప్పింది. ఆయన చూడటం లేదు. వారం క్రితం ఆ మనిషి కప్పు కడుగుతుంటే, ఆ కడగడం తన కోసమేననుకుంది. అది తన కోసం కాదు. ఇప్పుడు చూడకపోవడమూ తన కోసం కాదు. ఆ కుర్చీలో ఎవరు కూర్చుని కడిగినా ఆయన చూడడు. చూడవలసినది అక్కడ ఏమీ లేదు.

మొదటి టీ పారబోసింది. కప్పు నింపి ఆయన ముందుకు జరిపింది. పేజీ తిరిగింది. పత్రిక కింది నుంచి ఒక చెయ్యి వచ్చి, తడుముకుని, కప్పు ఎత్తుకుపోయింది. గుటక వినిపించింది. ఖాళీ కప్పు తిరిగి వచ్చింది. ఆమె మళ్ళీ పోసింది.

రెండు వేళ్ళు బల్ల మీద టక టక అన్నాయి.

ఈసారి ఆమె తొందరపడలేదు. ఒక్క చుక్క కూడా ఒలకలేదు.